కరెంటు, వాతావరణం చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పలాస మేడం. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. కరెంటు, వాతావరణ మార్పుల మీద చదువుతానంటోంది. బంధువులంతా సీఎస్‌ఈ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగం వస్తుందండీ. కాకపోతే ‘క్లైమేట్’ అని పేరున్న డిగ్రీ కోసం వెతకొద్దు, ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్)లో చేర్పించి పక్కన ఎకనామిక్స్ చదవమనండి.

ఎందుకో మీ ఊరి సంగతులే చెప్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, కరెంటు స్తంభాలు వేలల్లో కూలిపోయాయి. తోట పోయిన రైతుకి పోయింది ఆ ఏడాది పంట ఒక్కటే కాదు, మళ్లీ నాటిన మొక్క కాపుకొచ్చేదాకా అన్నేళ్ల ఆదాయం. సముద్రం వేడెక్కేకొద్దీ ఇలాంటి తుపాన్లు ఇంకా బలపడతాయి. ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చే పిక్కల సంగతి మీకు తెలిసిందే, చమురు ధర పెరిగితే ఆ కిరాయి మీ ఓనరు లెక్కలోకి వచ్చేస్తుంది. 2022లో చూడండి, మార్చి నుంచే ఎండలు మండి కరెంటు వాడకం పెరిగింది, అదే టైమ్‌లో ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు ధర కొండెక్కింది, ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. మిషన్ ఆగితే కూలీ డబ్బులూ ఆగుతాయి.

వాతావరణం, కరెంటు, ధరల మధ్య ఉన్న ఈ ముడి విప్పగలిగే మనుషులు ఇప్పుడు కావాలి. విజయనగరం వైపు ఫెర్రో అల్లాయ్స్ (స్టీలు తయారీలో కలిపే ఇనుప మిశ్రమాలు) ఫ్యాక్టరీలకు పెద్ద ఖర్చే కరెంటు. స్టీలు, అల్యూమినియం, సిమెంటు లాంటివాటిపై యూరప్ 2026 జనవరి నుంచి కార్బన్ పన్ను మొదలుపెట్టింది కాబట్టి అక్కడికి పంపేవాళ్లు ఎంత కార్బన్ వదిలారో లెక్క చూపాలి. బీటెక్ తర్వాత కొంత అనుభవం సంపాదించి బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) వాళ్ల ఎనర్జీ ఆడిటర్ పరీక్ష పాసైతే ఇలాంటి చోట్ల విలువ ఉంటుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వస్తే విశాఖలో పెట్రోలియం, ఎనర్జీ చదువుల సంస్థ ఐఐపీఈ కూడా ఉంది. మొదటి జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ కంటే తక్కువ ఉండొచ్చు, ఎండలో సైట్ల చుట్టూ తిరగాలి కూడా. ఇది అమ్మాయికి ముందే చెప్పండి.

సెలవుల్లో ఒకరోజు మీ ఫ్యాక్టరీకి తీసుకెళ్లి బాయిలర్ దగ్గర కూర్చోబెట్టండి. ఒక బస్తా పిక్కలు ఉడకడానికి ఎంత తొక్క కాలుతోంది, డ్రయ్యర్‌కి ఎన్ని యూనిట్లు పడుతోంది, బిల్లులో ట్రూ అప్ ఛార్జీ (కరెంటు కంపెనీకి అంచనా కంటే ఎక్కువైన ఖర్చుని తర్వాత వసూలు చేసేది) ఎందుకు పడింది, అన్నీ నోట్‌బుక్‌లో రాయమనండి. ఎనర్జీ ఆడిట్ పని మొదలయ్యేది ఇలాగే. రాస్తూ రాస్తూ ఇంకా ప్రశ్నలు అడిగిందంటే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ట్రిపుల్‌ఈనే మొదటి ఆప్షన్ పెట్టండి. విసుగొచ్చిందంటే సీఎస్‌ఈ తీసుకున్నా తప్పేం లేదు.