పొరలు కలిసిపోతున్నాయంటే ముందు చెంచాలు లెక్కపెట్టండి

ఇంట్లో ఓవెన్ లేదని, పాప పుట్టినరోజుకు పన్నెండు మంది పిల్లలు వస్తారని, గ్లాసుల్లో పొరలు పొరలుగా చాక్లెట్ పుడ్డింగ్ చేసి చూస్తే రెండుసార్లూ తెల్లారేసరికి జావలా కారిపోయిందని రాశారు. కారణం ఏమిటని అడిగారు. జెలటిన్ వేయమని ఒకరు, ఖరీదైన క్రీమ్ కొనమని ఇంకొకరు సలహా ఇచ్చారు. నేను ఒకటే అడుగుతాను. పుడ్డింగ్ చల్లారుతున్నప్పుడు పిల్లలు గిన్నెలో చెంచా ముంచి రుచి చూశారా? చూసే ఉంటారు. మీ పుడ్డింగ్‌ను పాడుచేసింది ఎంగిలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మాది ఏలూరు దగ్గర పల్లె. ఒక వేసవి సెలవులకు మా ఆడపడుచు పిల్లలు ముగ్గురు వచ్చారు, మా ఇద్దరితో కలిపి ఐదుగురు. అమెరికాలో పిల్లల కోసం చేసే 'డర్ట్ కప్' వీడియో ఒకటి ఫోనులో చూశారు. గ్లాసులో చాక్లెట్ పుడ్డింగ్, పైన మట్టిలా కనిపించే నల్ల బిస్కెట్ పొడి, అందులోంచి తల బయటపెట్టిన జెల్లీ వానపాములు. "అత్తా, మనం కూడా మట్టి గ్లాసులు చేద్దాం" అని ఉదయం నుంచి నా కొంగు పట్టుకుని తిరిగారు.

జెల్లీ పాముల దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. వాటిలో చాలా రకాలను జెలటిన్‌తో చేస్తారు. జెలటిన్‌ను పశువుల ఎముకలు, చర్మం నుంచి తీస్తారు. మా అత్తయ్య మాంసం ముట్టరు. ఇంట్లో అందరికంటే పెద్దావిడ తినలేనిది పిల్లలతో చేయించడం నాకు ఇష్టం లేదు. పావుకిలో పచ్చికోవా తెప్పించి, కాస్త కోకో పొడి కలిపి మెత్తగా మెదిపి, జంతికల గొట్టంలో పెద్ద కన్నాల బిళ్ళ వేసి నొక్కాము. గోధుమ రంగు వానపాములు వంకర్లు తిరుగుతూ పళ్ళెంలోకి జారాయి. మా చిన్నవాడు వాటిని వరసగా పడుకోబెట్టి ఒక్కో దానికి పేరు పెట్టాడు. కొన్న మిఠాయితో ఆ ఆట వచ్చేది కాదు.

బిస్కెట్లను గుడ్డసంచిలో మూటకట్టి అప్పడాల కర్రతో పిల్లలే దంచారు. పొయ్యి దగ్గర పని మాత్రం నాది. ఓవెన్ లేని వంట అంటే పొయ్యి కూడా అక్కర్లేదని కొందరు అనుకుంటారు. కార్న్‌ఫ్లోర్‌ను ఉడికించకపోతే పచ్చివాసన పోదు, పట్టూ రాదు. అర లీటరు పాలలో నాలుగు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, మూడు చెంచాల కోకో, ఐదు చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు వేసి, బుడగలు వచ్చాక రెండు నిమిషాలు ఆపకుండా తిప్పాను. గరిటె ఎత్తితే బరువుగా, ముద్దలు ముద్దలుగా జారింది. వెడల్పు గిన్నెలో పోసి, గట్టు మీద పెట్టి, మేడ మీద వడియాలు తీయడానికి వెళ్ళాను.

పది నిమిషాల్లో తిరిగి వచ్చేసరికి గిన్నెలో నాలుగు చెంచాలు, నాలుగు మూతులకూ గోధుమ రంగు మీసాలు. నేను కోప్పడలేదు. పిల్లలు రుచి చూడకుండా ఎలా ఉంటారు? గ్లాసుల్లో పొరలు వేసి ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాము.

పొద్దున్నే ఫ్రిజ్ తలుపు తీస్తే అడుగున గోధుమ రంగు నీళ్ళు, వాటి మీద తేలుతున్న బిస్కెట్ పొడి, పక్కకు ఒరిగిపోయిన కోవా పాములు. మా చిన్నవాడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని "మట్టి కొట్టుకుపోయిందమ్మా" అని ఏడ్చాడు. రాత్రి గరిటెకు అంటుకున్న పదార్థం పొద్దుటికి నీళ్ళెలా అయిందో నాకు అర్థం కాలేదు. అత్తయ్య గ్లాసు ఒకసారి వంచి చూసి, "ఎంగిలి చెంచా పెట్టారు, ఇంకేముంది" అన్నారు. పెరుగు గిన్నె దగ్గర నలభై ఏళ్ళుగా ఆవిడ చెబుతున్న మాటే అది. పిండి తక్కువైందేమోనని నేను వాదించాను.

తేల్చింది మా ఆడపడుచు పెద్దమ్మాయి. అప్పటికి పదో తరగతి పరీక్షలు రాసి ఉంది. లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుందని, అది పిండి పదార్థాన్ని, అంటే స్టార్చ్‌ను, విడగొట్టి చక్కెరలుగా మారుస్తుందని చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. నా చేత మళ్ళీ కాస్త పుడ్డింగ్ కాయించి, గోరువెచ్చగా అయ్యాక రెండు చిన్న గిన్నెల్లో సమంగా పోసింది. ఒక దాన్ని శుభ్రమైన చెంచాతో, రెండో దాన్ని తమ్ముడు నాకిన చెంచాతో పదేసి సార్లు తిప్పి పక్కపక్కనే పెట్టింది. ఐదుగురూ నేల మీద బోర్లా పడుకుని గడియారం చూస్తూ ఉన్నారు. పావుగంట తర్వాత రెండు గిన్నెలూ వంచితే మొదటిది ముద్దలా కదిలింది. రెండోది మజ్జిగలా జారి అంచు దాటి చాప మీద పడింది. ఆ క్షణంలో అత్తయ్య ముఖం చూడవలసింది.

ఒక సంగతి స్పష్టం చేయాలి. పెరుగులో పిండి పదార్థం లేదు, దాని విషయం వేరు. కార్న్‌ఫ్లోర్, కస్టర్డ్ పొడి వేసినవాటికి మాత్రం ఎంగిలి శత్రువే. అది కూడా మరుగుతున్నప్పుడు కాదు, ఆ వేడికి ఎంజైమ్ పనిచేయదు. చల్లారేటప్పుడు, చల్లారాక జాగ్రత్త పడాలి. వంట వీడియోల్లో ఈ మాట ఎవరూ చెప్పరు. వాటిలో గోళ్ళరంగు వేసుకున్న రెండు చేతులు తప్ప పిల్లలు కనిపించరు కదా! గిన్నె చుట్టూ ఐదుగురు పిల్లలు ఉన్న ఇంట్లో ఏం జరుగుతుందో ఆ చేతులకు ఎలా తెలుస్తుంది?

ఇక మీ పన్నెండు మందికి. చిన్న గాజు గ్లాసులు తీసుకోండి, స్టీలు వాటిలో పొరలు కనిపించవు. లీటరు పాలకు పైన చెప్పిన కొలతలన్నీ రెట్టింపు చేయండి. కార్న్‌ఫ్లోర్‌ను ముందు చల్లని పాలలోనే కలపాలి. కోకోను పంచదారతో పొడిగా కలిపితే ఉండకట్టదు. తెల్ల పొరకు క్రీమ్ కొనవద్దు. లీటరు గట్టి పెరుగును పలుచని గుడ్డలో మూటకట్టి ఫ్రిజ్‌లోనే నాలుగు గంటలు వేలాడదీసి, నీరు దిగాక పంచదార పొడి, యాలకుల పొడి కలపండి. అడుగున కరిగిన వెన్నతో తడిపిన బిస్కెట్ పొడిని వేలితో నొక్కాలి. దాని మీద పెరుగు, ఆ పైన పూర్తిగా వేడి తగ్గిన పుడ్డింగ్. చెంచా వీపు మీదుగా మెల్లగా జారవిడిస్తే కింది పొర చెదరదు. బిగుసుకున్న పుడ్డింగ్‌ను మళ్ళీ కవ్వంతో చిలికితే పట్టు విడిపోతుంది, ఆ పని చేయవద్దు. పైన చల్లే పొడి 'మట్టి' మాత్రం వడ్డించే ముందే వేయాలి, లేకపోతే చెమ్మగిల్లి బురదవుతుంది.

చాక్లెట్ తురుము వేయాలనుకుంటే పొట్లం వెనుక అక్షరాలు చదవండి. కోకో వెన్న బదులు వనస్పతి లాంటి కొవ్వులతో చేసిన కాంపౌండ్ ముక్కను కూడా మనం చాక్లెట్ అనే పిలుస్తున్నాము. నాకు ఇది బాధగా ఉంటుంది. దేశంలో అన్నిటికంటే ఎక్కువ కోకో పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. మా చుట్టూ కొబ్బరి తోటల్లో, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా అదే. 2024 వేసవిలో అంతర్జాతీయ మార్కెట్‌లో టన్ను కోకో ధర 10,000 డాలర్లు దాటింది. మరుసటి సంవత్సరానికి ధర పడిపోయి రైతులు గింజలు ఇంట్లో పెట్టుకుని కూర్చున్నారు. బజారులో చాక్లెట్ ధర తగ్గడం మాత్రం నేను చూడలేదు. మట్టి గ్లాసులు చేసిన ఆ సెలవుల్లోనే మా పిల్లలు కోకో కాయ పగలగొట్టి గింజల మీది తెల్ల గుజ్జు చప్పరించారు. లోపలి ఊదారంగు పప్పు కొరికి, చేదుకు ముఖం వికారంగా పెట్టి, చాక్లెట్ దీంతోనే చేస్తారంటే నమ్మలేదు. వారం రోజులు కుప్పపోసి పులియబెట్టిన గింజలు ఎండలో ఆరుతుంటే వాసన చూపించాను, అప్పుడు నమ్మారు.

రెండోసారి చేసినప్పుడు పుడ్డింగ్ గిన్నె మీద పళ్ళెం మూతపెట్టి, రుచి చూసేందుకు ఒక్కొక్కరికీ చిన్న కప్పులో విడిగా పోసి ఇచ్చాను. మర్నాడు గ్లాసుల్లో మూడు రంగులూ గీత గీసినట్టు నిలిచాయి. అత్తయ్య తన గ్లాసు అందుకుని, తినే ముందు "ఈ చెంచా ఎవరిది?" అని అడిగారు. "నీదే అమ్మమ్మా, కడిగి తెచ్చాను" అంది పెద్దమ్మాయి.

మీరు పన్నెండు గ్లాసులతో పాటు పన్నెండు చెంచాలూ, రుచికి పన్నెండు చిన్న కప్పులూ ముందే తీసి పెట్టుకోండి. మీ పాపకు ఇంకొకటి అదనంగా ఉంచండి, తన పుట్టినరోజు కదా, రెండోసారి రుచి అడుగుతుంది.