ఇచ్చే ముందు చూసుకోవలసిన లెక్క

చిరంజీవికి నీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

కంపెనీలో నీ వాటా అమ్మిన డబ్బు చేతికి వచ్చినప్పటి నుంచి నిద్ర సరిగా పట్టడం లేదని, అందులో కొంత ఇతరులకు ఇవ్వడం ధర్మమా లేక కేవలం మన ఇష్టమా తేల్చి చెప్పమని రాశావు. ధర్మమేనని నా అభిప్రాయం. అయితే ఆ మాట ఒప్పుకున్నాక దాన్ని నెరవేర్చడంలోనే చాలామందిమి తప్పటడుగులు వేస్తాం. నేనూ వేశాను కనుక ఈ ఉత్తరం కాస్త పొడవవుతుంది, ఓపికగా చదువు.

న్యాయంగా సంపాదించిన సొమ్ము మీద మరొకరికి హక్కు ఉండదన్న నీ మిత్రుడి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. అమెరికన్ తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో దాన్ని ఎంతో పకడ్బందీగా వినిపించాడు. కానీ నా సొమ్మును బలవంతంగా తీసుకునే హక్కు ఇంకొకరికి లేనంత మాత్రాన, ఇవ్వవలసిన బాధ్యత నాకు లేకుండా పోదు. లోతు తక్కువ చెరువులో పసివాడు మునిగిపోతుంటే బట్టలకు బురద అంటుతుందని గట్టున నిలబడ్డవాణ్ణి మనం క్షమించగలమా అని ఆస్ట్రేలియన్ తత్త్వవేత్త పీటర్ సింగర్ 1972లో అడిగాడు. కళ్లెదుట ఉన్న పసివాడికీ దూరాన ఉన్న పసివాడికీ తేడా లేదన్నంత వరకు నేను ఆయనతో నడుస్తాను. ఇక ఇస్తే పుచ్చుకునేవాడి స్థితికి మనమే దిగిపోతాం అనేదాకా ఇస్తూనే ఉండాలన్న ఆయన కఠినమైన ముగింపు మాత్రం నాకు మింగుడుపడలేదు.

నన్ను ఒప్పించిన కారణం ఇంకా మామూలుది. మనది అనుకునే సంపదలో మనకు పాఠం చెప్పినవారి శ్రమ, మన సరుకు నడిచిన రోడ్డు, మన ఒప్పందానికి విలువ తెచ్చిన న్యాయస్థానం, తక్కువ జీతానికి మనల్ని నమ్మి పనిచేసిన మనుషులు, వీటన్నిటి వాటా కలిసిపోయి ఉంటుంది. అందుకే దానం గురించి ఆలోచించే ముందు బాకీల లెక్క చూడమంటాను. అమెరికన్ ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ, సంపన్నుడిగా చనిపోవడం అవమానమని 1889లో రాశాడు, ఆయన డబ్బుతో రెండున్నర వేలకు పైగా గ్రంథాలయాలు వెలిశాయి. అయితే 1892లో హోమ్‌స్టెడ్‌లోని ఆయన ఉక్కు కర్మాగారంలో కూలి రేట్ల తగ్గింపును కార్మికులు ఎదిరించినప్పుడు, యాజమాన్యం రప్పించిన ప్రైవేటు కాపలాదారులతో జరిగిన కాల్పుల్లో ఇరువైపులా మనుషులు చనిపోయారు. పన్నెండు గంటలు పనిచేసి వచ్చినవాడికి గ్రంథాలయంలో కూర్చునే ఓపిక ఎక్కడిది?

ఇక ఇచ్చే తీరు. చాలా ఏళ్ల కిందట నేను కొందరు విద్యార్థుల ఫీజులకని డబ్బు ఇచ్చి, చెక్కులను వేదిక మీద నా చేతులతోనే పంచాను. వరుసలో ఏడో అమ్మాయో ఎనిమిదో అమ్మాయో, కెమెరా వైపు తిరగమనగానే కవరును ముఖానికి అడ్డం పెట్టుకుంది. "కవరు కిందికి దించమ్మా" అని ఫోటోగ్రాఫర్ రెండుసార్లు అన్నాడు. రెండోసారికి దించింది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో నేను నవ్వుతున్నాను. "హ్రియా దేయం", సిగ్గుపడుతూ ఇవ్వమని తైత్తిరీయోపనిషత్తు చెబుతుంది. ఆ రోజు నేను పడవలసిన సిగ్గంతా ఆ పిల్ల పడింది.

అమెరికన్ వ్యాపారి చక్ ఫీనీ సంగతి తెలుసుకో. డ్యూటీ ఫ్రీ దుకాణాల వ్యాపారంలో తన వాటాను 1984లోనే రహస్యంగా తన ధార్మిక సంస్థకు రాసిచ్చి, మొత్తం 800 కోట్లకు పైగా డాలర్లు పంచి, 2020లో ఆ సంస్థనే మూసేశాడు. తాను కట్టించిన భవనాలపై తన పేరు వేయనివ్వలేదు. మనం ఆయనంత చేయలేం, చేయనక్కర్లేదు కూడా. పన్నులు, జీతాలు, ఇంటి అవసరాలు పోగా మిగిలినదానిలో ఎంత భాగం ఇస్తావో ఏడాది మొదట్లోనే కాగితం మీద రాసుకో. ఇస్లాంలో తప్పనిసరి దానమైన జకాత్‌లో నిర్ణీత పరిమితి దాటి ఏడాది పాటు నిలిచిన సంపదలో నలభయ్యో వంతు అని ముందే తేల్చి పెట్టడంలో ఉన్న తెలివి ఇదే, అప్పటికప్పుడు మనసుతో బేరమాడే అవకాశం ఉండదు. ఎదుటివాడు తన కాళ్ల మీద నిలబడేలా పనో పెట్టుబడో చూపడం దానాల్లోకెల్లా ఉత్తమమని పన్నెండో శతాబ్దపు యూదు మత పండితుడు మైమోనిడీస్ అన్నాడు. వీలైన చోట అలా చెయ్యి. ఇచ్చిన తర్వాత దేనికి ఖర్చు పెట్టారని వారం వారం ఆరా తీయకు.

మనం కలిసే లోపు ఒక పని చేసి పెట్టు. నీ కంపెనీ మొదటి మూడేళ్లలో తక్కువ జీతానికి పనిచేసి, వాటాలు అమ్ముడుపోక ముందే మానేసి, ఈ డబ్బులో పైసా అందని వాళ్ల పేర్లు పాత జీతాల రిజిస్టరు చూసి రాసుకుని రా. ఆ జాబితా ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చుని లెక్క మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న