మూడో వంతా, మూడొంతులా?

ప్రశ్న: సైన్స్ వ్యాసం ఒకటి రాస్తూ, "భిన్నావేశం గల అర్ధకణాలు ఎలక్ట్రాన్ ద్రవంలో సొరంగం తవ్వుకుని అవతలికి వెళ్తాయి. అంటే ఎలక్ట్రాన్ మూడు ముక్కలైందన్నమాట" అన్నాను. ఈ మాటలు సరైనవేనా? విద్యుదావేశం "మూడో వంతు" అనాలా, "మూడొంతులు" అనాలా?

సమాధానం: చివరి సందేహం ముందు తీర్చేస్తాను. "మూడొంతుల మంది వచ్చారు" అంటే నాలుగింట మూడు వంతుల మంది, అంటే ముప్పావు భాగం వచ్చారని. మీరు చెప్పదలచుకున్నది మూడింట ఒకటి. కాబట్టి "మూడో వంతు" అనే రాయండి. "మూడింట ఒక వంతు" అన్నా బాగుంటుంది. వినడానికి దగ్గరగా ఉన్నా రెండు లెక్కలూ వేరు.

"భిన్నావేశం"లో సంధి సరిగ్గానే ఉంది. చిక్కు అర్థంలో వచ్చింది. లెక్కల పుస్తకంలో భిన్నం అంటే ఒకటిలో కొంత భాగం. బయట మాత్రం భిన్నాభిప్రాయం, భిన్న మతాలు అన్నప్పుడు "వేరైనది" అనే అర్థమే ముందు తోస్తుంది. మీ మాట చదివినవారు ఇదేదో వేరే రకం ఆవేశం అనుకుంటారు. పోనీ "పాక్షిక ఆవేశం" అందామా అంటే, ఆ మాటను రసాయనశాస్త్రం ఇప్పటికే వాడుకుంటోంది. అణువులో ఎలక్ట్రాన్లు ఒక పక్కకి ఒరిగినప్పుడు చెప్పే మాట అది.

అసలు ఇబ్బంది ఇంకా లోపల ఉంది. భిన్నం అన్న మాట "పగలగొట్టు" అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. ఛిన్నాభిన్నంలో ఉన్నది ఆ భిన్నమే. "మూడు ముక్కలైంది" అనే రెండో వాక్యం మీ చేత రాయించింది కూడా ఆ మాటేనని నాకు అనిపిస్తోంది. ఇక్కడ ఏ ఎలక్ట్రానూ ముక్కలవదు. 1982లో ప్రకటించిన ప్రయోగంలో బెల్ ల్యాబ్స్ పరిశోధకులు ట్సూయీ, స్టార్మర్, గోసార్డ్ గాలియం ఆర్సెనైడ్ అనే అర్ధవాహకంతో చేసిన పలకలో, పలుచని పొరలో మాత్రమే తిరిగే ఎలక్ట్రాన్లను విపరీతమైన చలిలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి చూశారు. హాల్ ప్రభావం (అయస్కాంత క్షేత్రంలో కరెంటు పారుతుంటే దానికి అడ్డంగా వోల్టేజి పుట్టడం) కొలతలో 1/3 అనే అంకె తేలింది. ఆ ఎలక్ట్రాన్లన్నీ ఒకదాన్నొకటి తప్పించుకుంటూ ఒకే ద్రవంలా సర్దుకుంటాయని మరుసటి ఏడాది లాఫ్లిన్ వివరించాడు. ఆ సర్దుబాటులో ఒకచోట ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతు లోటో మిగులో ఏర్పడితే, అది ఒక కణంలా మసలుతుంది. లాఫ్లిన్, స్టార్మర్, ట్సూయీలకు 1998లో నోబెల్ వచ్చింది. లోటు, మిగులు, వంతు: ఈ మూడూ పంపకంలో వాడే మాటలు. విరగడం, పగలడం వీటిలో లేవు. అందుకే నా ఓటు "వంతు"కే.

అలా కణంలా మసలేదాన్ని ఇంగ్లీషులో క్వాసీపార్టికల్ అంటారు. దానికి "అర్ధకణం" మాత్రం వద్దు. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు తెలిసిన పాఠకుడు "మూడో వంతు ఆవేశం గల అర్ధకణం" అని చదివితే, మూడో వంతులో సగమా అని లెక్క వేసుకుంటాడు. "కణప్రాయం" అనవచ్చు గానీ, తృణప్రాయం, మృతప్రాయం పక్కన అది చిన్నబోతుంది. "కణాభాస" అంటే రసాభాస గుర్తొస్తుంది. "క్వాసీ కణం" అనేయండి. రైలు ప్రయాణం, పోలీసు శాఖ లాంటి కలగలుపు సమాసాలు మనకు కొత్తేమీ కాదు.

ఇక సొరంగం. అడ్డుగోడ దాటేంత శక్తి లేని కణం అవతలికి చేరడాన్ని ఇంగ్లీషులో టన్నెలింగ్ అంటారు. ఇందులో తవ్వేవారు లేరు, దాటాక దారీ మిగలదు. "గోడ దూకింది" అనడమూ కుదరదు, దూకేంత శక్తి దానికి లేదు కనుకనే ఇది విశేషం. ఎక్కడో మునిగి ఎక్కడో తేలాడు అంటామే, ఆ "తేలడం" దీనికి నప్పుతుంది. శాస్త్రం పేరుగా టన్నెలింగ్ ఉంచుకుని, క్రియగా "అవతల తేలుతుంది" అని రాయండి.

ఎందులోంచి తేలుతుందో కూడా చెప్పాలి. ఈ ద్రవంలో కరెంటు అంచుల వెంట నడుస్తుంది. పైనుంచి రెండు లోహపు పట్టీలకు వోల్టేజి ఇచ్చి ద్రవాన్ని నడుము దగ్గర నొక్కితే ఎదురెదురు అంచులు దగ్గరవుతాయి. అప్పుడు మూడో వంతు ఆవేశం ఆ సన్నని ద్రవం మీదుగా ఒక అంచు నుంచి రెండో అంచుకి చేరుతుంది. ఇంకా నొక్కి ద్రవాన్ని రెండు మడుగులుగా తెంపేస్తే, ఆ ఎండిన జాగాను దాటగలిగేది నిండు ఎలక్ట్రాన్ ఒక్కటే. ద్రవం బయట మూడో వంతుకి ఉనికి లేదు. మీ వాక్యంలో "ద్రవంలో" అన్న మాట ఉండటం చాలా మంచిదైంది, దాన్ని తీసెయ్యకండి.

ఈ మూడో వంతు ఆవేశాన్ని 1997లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలోనూ, ఫ్రాన్స్‌లోని సాక్లేలోనూ వేర్వేరుగా కొలిచారు. రేకు మీద పడే వాన అంతే ఉన్నా, చినుకు చిన్నదైతే మోత తగ్గుతుంది కదా. అలాగే కరెంటులోని మోతను (చిన్న చిన్న హెచ్చుతగ్గులను) బట్టి ఒక్కో కణం ఎంత ఆవేశం మోస్తోందో పట్టుకున్నారు. 1999లో ఇదే పద్ధతిలో అయిదో వంతూ దొరికింది.

మీ రెండు వాక్యాల స్థానంలో నేనైతే ఇలా రాస్తాను: "ఎలక్ట్రాన్ ఆవేశంలో మూడో వంతు మోసే క్వాసీ కణం, ఎలక్ట్రాన్ ద్రవం సన్నబడిన చోట ఒక అంచున మునిగి రెండో అంచున తేలుతుంది."