మానసిక వార్డులో మాటల చికిత్స

ప్రశ్న: తమ్ముణ్ణి బరంపురంలో మానసిక వార్డులో చేర్చాం. ఏవో గొంతులు వినిపిస్తున్నాయంటాడు. మందులతోపాటు కౌన్సెలింగ్ ఇప్పుడే చేయించొచ్చా?
– ఒక అక్క, పర్లాకిమిడి

జవాబు: చేయించొచ్చమ్మా. కాకపోతే గంటసేపు కూర్చోబెడితే లాభం లేదు. మందుల మత్తు, నిద్రలేమి వల్ల ధ్యాస నిలవదు, 15–20 నిమిషాలు చాలు. రేపే డిశ్చార్జి కావచ్చు కనుక ఏ రోజు పని ఆ రోజే ముగియాలి. పాత గాయాలు ఇప్పుడు తవ్వకూడదు. ‘అవన్నీ అబద్ధం’ అని వాదించొద్దు. గొంతులు ఎప్పుడు పెరుగుతున్నాయి, పాట విన్నా పైకి చదివినా తగ్గుతున్నాయా అన్నది కనిపెట్టాలి.

అసలు చిక్కు భాషతోనే. ఒడిశా వార్డుల్లో ఒడియాలో అడిగితే, తెలుగు రోగులు అర్థం కాకపోయినా తలూపేస్తారు. అలాగని మీరు దుబాసీగా కూర్చోకండి: చచ్చిపోవాలనుందన్న మాట అక్క ముందు నోట రాదు. తెలుగు వచ్చిన నర్సును అడగండి. ఇంటికి పంపేముందు, జబ్బు తిరగబెట్టే తొలి గుర్తులు, ఫోన్ చేయాల్సిన నంబర్లు తమ్ముడి మాటల్లోనే కాగితంపై రాయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కూడా అందులో ఉండాలి.