కింద పడకుండానే వెన్నుపూస ఎలా విరిగింది?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. ఈమధ్య 20 లీటర్ల వాటర్ క్యాన్ వంగి ఎత్తబోతే నడుము కలుక్కుమంది. అప్పటి నుంచి మంచం మీద పక్కకు ఒత్తిగిలాలన్నా అల్లాడిపోతోంది. ఎక్స్‌రేలో ‘ఎల్1 వెడ్జ్ కంప్రెషన్ ఫ్రాక్చర్’ అని వచ్చింది. ఆమె ఎక్కడా పడలేదు. మరి ఎముక ఎలా విరుగుతుంది? బెల్టు జీవితాంతం పెట్టుకోవాలా?
– ఓ పాఠకురాలు, నల్గొండ

జవాబు: పడాల్సిన పనే లేదండీ. ‘ఎల్1 కంప్రెషన్ ఫ్రాక్చర్’ అంటే నడుములోని మొదటి పూస ఒత్తిడికి కుంగి విరగడం. ఈ వయసులో పూస కుంగడం చాలామందిలో పడకుండానే జరుగుతుంది.

క్యాన్ బరువు 20 కిలోలే, కానీ పూస మీద పడింది అంతే కాదు. వంగి చేతులు చాచి ఎత్తినప్పుడు క్యాన్ వెన్నెముకకు దాదాపు అర మీటరు ముందుంటుంది. ముందుకు ఒరిగిన తల, ఛాతీ బరువు దానికి తోడు. మనిషి ముందుకు తూలిపోకుండా వెనక నుంచి లాగి పట్టాల్సింది వీపు కండరాలు. అవేమో డిస్క్ మధ్యభాగానికి ఐదారు సెంటీమీటర్ల వెనకే ఉంటాయి. అంత దగ్గర నుంచి లాగాలంటే ఎన్నో రెట్ల బలం పెట్టాలి. ఆ బలమంతా పూసలను ఒకదాని మీదికి ఒకటి అదుముతుంది. లెక్క వేస్తే 300 కిలోలు తేలిగ్గా దాటుతుంది.

వయసులో ఉన్నవాళ్ల నడుము పూస అర టన్ను బరువునైనా ఓర్చుకుంటుంది. పూస గట్టి ముద్దేమీ కాదు. చుట్టూ పల్చటి గట్టి పొర, లోపలంతా సన్నటి ఎముక పుల్లల అల్లిక. నిలువు పుల్లలు బరువు మోస్తాయి, అడ్డ పుల్లలు వాటిని వంగిపోకుండా పట్టి ఉంచుతాయి, మేస్త్రీలు కట్టే పరంజాలో లాగే. నెలసరి ఆగాక ఎముక అరిగేకొద్దీ ఈ అడ్డ పుల్లలు ఎక్కువగా తెగిపోతాయి. నిలువు పుల్లకు నడిమధ్యలో ఉన్న ఒక్క అడ్డకట్టు పోయిందంటే, ఆసరా లేని పొడవు రెట్టింపై, వంగకుండా నిలిచే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఎముక కొంచెమే పల్చబడినా బలం బాగా తగ్గేది ఇందుకే.

వంగినప్పుడు ఒత్తిడి పూస ముందువైపే ఎక్కువ. అందుకే ముందుభాగం కుంగి, పూస ముందు సన్నగా, వెనక మందంగా తయారైంది. రిపోర్టులో ‘వెడ్జ్’ అన్నది దాన్నే. పక్కటెముకల బిగింపు అయిపోయి, కదిలే నడుము మొదలయ్యే చోటు కాబట్టి ఎల్1 దగ్గర ఇది తరచుగా చూస్తాం.

కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం మీద అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవి లేకపోతే నొప్పి మాత్రలు, కొద్ది రోజుల విశ్రాంతి చాలు. తర్వాత మెల్లగా నడిపించండి, మంచానికే పరిమితం చేస్తే ఎముక ఇంకా పలచబడుతుంది. బెల్టు కొన్ని వారాలే. సాధారణంగా రెండు మూడు నెలల్లో పూస అతుక్కుంటుంది, కుంగిన ఎత్తు మాత్రం తిరిగి రాదు. సిమెంటు ఎక్కించే వెర్టిబ్రోప్లాస్టీ గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు.

నొప్పి తగ్గగానే చాలామంది ఫైలు మూసేస్తారు. నాకు చిరాకు వచ్చేది అక్కడే. ఒక పూస కుంగినవాళ్లలో రెండోది కుంగే ముప్పు బాగా పెరుగుతుంది. ఎముక సాంద్రత తెలిపే డెక్సా స్కాన్, విటమిన్ డి, కాల్షియం, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించండి. మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక క్యాన్సర్) లాంటి జబ్బు లేదని తేల్చుకోవడానికి ఈఎస్ఆర్, రక్తంలో ప్రొటీన్ల పరీక్ష కూడా అవసరం. మోకాళ్ల నొప్పులకో ఆయాసానికో ఆమె స్టెరాయిడ్ మాత్రలు వాడి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. ఎముక బలానికి వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ రాస్తే, పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకోవాలి. తర్వాత కనీసం అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు, టీ కూడా వద్దు.