బొగ్గు అక్కడ, ప్లాంటు ఇక్కడ

ప్రశ్న: బొగ్గు గనులు ఎక్కడో సింగరేణిలో ఉంటే, ఆర్టీపీపీని (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని) మా ముద్దనూరు దగ్గర కట్టారెందుకు? ఎలక్ట్రిసిటీ బోర్డు రోజుల్లో ఇలాంటివి ఏ లెక్కన తేల్చేవారు? – ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: బొగ్గు మోసుకురావడమా, కరెంటు మోసుకురావడమా? తూకం వెయ్యాల్సింది ఈ రెంటినే. యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోల బొగ్గు కావాలి. 210 మెగావాట్ల సెట్టు (కరెంటు పుట్టించే యంత్రం) రోజంతా పూర్తి లోడు మీద నడిస్తే 3,500 టన్నులు, అంటే దాదాపు ఒక గూడ్సు రైలు. ఆర్టీపీపీ మొదటి దశలో అలాంటి సెట్లు రెండు. కాబట్టి రోజుకు రెండు రైళ్లు రావాలి, వ్యాగన్లు అందకపోతే సెట్టు ఆపాల్సిందే. అదే గనుల దగ్గరే ప్లాంటు కడితే వందల కిలోమీటర్ల లైన్లు వెయ్యాలి. దారిలో కొంత కరెంటు నష్టమవుతుంది, లైను చివర వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి తగ్గితే బోరు మోటారు ఆంపియర్లు ఎక్కువ లాగి వైండింగు కాలిపోతుంది. సీమ రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ముద్దనూరుకు రైలు మార్గం ఉంది, నీటికి మైలవరం జలాశయం ఉంది.

లెక్క కుదిరితే సరిపోదు. అప్పట్లో 1948 విద్యుత్ (సరఫరా) చట్టం 29వ సెక్షన్ కింద, ఖర్చు నిర్ణీత పరిమితి దాటిన స్కీముకు కేంద్ర సంస్థ అయిన సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ సమ్మతి కావాల్సి వచ్చేది. ఆపైన ప్రణాళికా సంఘం ఆమోదం. ఆ తర్వాతే డబ్బు.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. ఉన్న కాస్త డబ్బు పది పనులకు పంచితే ఏదీ తెమలదు. 100 కోట్ల పనిని ఏటా సమానంగా ఖర్చు పెడుతూ 5 ఏళ్లలో ముగిస్తే, 10 శాతం వడ్డీకి నిర్మాణ కాలపు వడ్డీ సుమారు 28 కోట్లు. అదే 8 ఏళ్లు సాగదీస్తే 50 కోట్లు! ఒక్క యూనిట్ కూడా పుట్టకముందే నెత్తిన పడే భారం ఇది. పైగా అదే చట్టం 59వ సెక్షన్ బోర్డును ఖర్చులు పోను చూపమన్న 3 శాతం మిగులును వాడుకలో ఉన్న ఆస్తుల మీదే లెక్కకట్టేవారు. సగం కట్టిన ప్లాంటు మీద వడ్డీ పెరగడమే గానీ మిగులు లెక్కలోకి వచ్చేదేమీ లేదు. అందుకే కొత్త శంకుస్థాపన కంటే, చేతిలో ఉన్న పనిని గడువులోగా ముగించడమే బోర్డుకు లాభంగా ఉండేది.

ఆర్టీపీపీ మొదటి సెట్టు 1994లో, రెండోది 1995లో నడకలోకి వచ్చాయి.

ప్రశ్న: పల్లెలకు లైన్లు వేయడానికీ ఇదే పద్ధతా? – మరో పాఠకురాలు, కదిరి

జవాబు: కాదు. వాటికి ఎక్కువగా 1969లో పెట్టిన గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ అప్పిచ్చేది. ఎన్ని పంపుసెట్లు, ఎన్ని ఇళ్లు కనెక్షన్ తీసుకుంటాయి, దాంతో ఎంత రాబడి వస్తుంది అన్న అంచనాతో బోర్డు స్కీము రాసి పంపాల్సి ఉండేది. అనుకున్నన్ని కనెక్షన్లు రాకపోతే అప్పు మిగిలేది, రాబడి వచ్చేది కాదు.