రైలు ఒక లైను నుంచి మరో లైనులోకి సురక్షితంగా ఎలా మారుతుంది?

జంక్షన్‌లో దారిని డ్రైవరే ఎంచుకుంటాడా, రెండు రైళ్లు ఒకే లైనులోకి రాకుండా ఏది ఆపుతుంది అన్నది ప్రశ్న. డ్రైవరు చేతిలో ఉండేది వేగం మాత్రమే. దారిని నిర్ణయించేవి పట్టాలు. లైన్లు చీలే చోట, కొన వైపు సన్నగా చెక్కిన రెండు కదిలే పట్టాలు ఉంటాయి; వీటినే పాయింట్లు అంటారు. మోటారు వాటిని జరిపినప్పుడు ఒకటి పక్కనున్న స్థిరమైన పట్టాకు ఆనుకుంటుంది, రెండోది తన పక్క పట్టాకు ఎడంగా జరుగుతుంది. చక్రాల లోపలి వైపున్న ఎత్తైన అంచు ఆ సందులోంచి సాగుతూ రైలును ఆ దారిలోకి మళ్లిస్తుంది.

అసలు భద్రత ఇంటర్‌లాకింగ్‌ది, అంటే పాయింట్లనూ సిగ్నళ్లనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టే ఏర్పాటుది. 1856లో బ్రిటన్‌లో జాన్ శాక్స్‌బీ ఇలాంటి ఏర్పాటుకు పేటెంటు పొందారు. అప్పటి మీటల స్థానంలో ఇప్పుడు కంప్యూటర్లు వచ్చినా సూత్రం మారలేదు: పాయింట్లు సరిగ్గా అమరి, తాళం పడి, ముందున్న లైను ఖాళీగా ఉందని తేలి, ఆ దారికి అడ్డొచ్చే సిగ్నళ్లన్నీ ఎర్రగా ఉన్నప్పుడే పచ్చ దీపం వెలుగుతుంది. ఆపైన రైలు దాటేవరకూ ఆ పాయింట్లు కదలవు.

లైను ఖాళీగా ఉందని తెలుసుకునే పాత పద్ధతి నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోస్తుంది. పట్టాల గుండా స్వల్ప విద్యుత్తు పంపి, అవతలి కొసన ఒక రిలేను, అంటే విద్యుత్తుతో పనిచేసే స్విచ్చిని, పని చేయిస్తారు. రైలు ఇరుసు రెండు పట్టాలనూ కలిపేయగానే విద్యుత్తు అందక రిలే పట్టు వదిలేస్తుంది, సిగ్నలు ఎర్రబడుతుంది. తీగ తెగినా, కరెంటు పోయినా ఫలితం అదే.